వెన్నెలలో రాసుకున్న పుస్తకం – బాఖ్ జీవిత కథ



మన గోడపత్రికలో మహనీయుల జీవితం అనే శీర్షికకు ఈ నెల నన్ను రాయమన్నారు. పోయినసార్లు గాంధీ గారి గురించి, అల్లూరి గురించి, కొమురం భీము గురించి మనవాళ్ళు చక్కగా రాశారు. నేను ఈసారి మనకు చాలా దూర దేశపు మనిషి గురించి రాస్తున్నాను. ఆయన రాజు కాదు, యుద్ధం చేయలేదు. సంగీతం రాశాడు. పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. చనిపోయి 270 ఏళ్ళు దాటింది. ఆయన గురించే ఎందుకు రాస్తున్నానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది కూడా దాచకుండా రాస్తాను.

ప్రతి ఆదివారం టిఫిన్ అయ్యాక చిన్న తరగతుల తమ్ముళ్ళకు ఒక గంట పుస్తకం చదివి వినిపించే పద్ధతి మన బడిలో ఉన్నది గదా. లైబ్రరీ లీడర్‌ని గనుక ఆ పని నాది. బీరువా తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. ఒక ఆదివారం బీరువా అడుగు అరలో సంగీతకారుల జీవితాలు అనే పలుచని పిల్లల పుస్తకం దొరికింది. దాన్ని తీసుకుపోయి మొదటి పేజీ నుంచి చదివాను. బాఖ్ 1685వ సంవత్సరం మార్చి 21న ఇప్పటి జర్మనీ దేశంలోని ఐజెనాఖ్ అనే ఊరిలో జన్మించెను అని మొదలుపెట్టాను. రెండో పేజీకి వచ్చేసరికి సగం మంది ఆవులిస్తున్నారు. మిగతా సగం మంది బొమ్మ చూసి నవ్వుతున్నారు. ఆ బొమ్మలో బాఖ్ తెల్లటి పెట్టుడు జుట్టు పెట్టుకొని ఉంటాడు. అప్పటి ఆ దేశపు పెద్దమనుషులు అట్లా పెట్టుకునేవారు. మన పిల్లగాళ్ళకు మాత్రం గొర్రెను నెత్తిన పెట్టుకున్నట్టు కనబడింది.

ఆ రాత్రి ఆలోచించాను. తేదీలతో మొదలుపెడితే చిన్నపిల్లలు వినరు. వాళ్ళ వయసు పిల్లవాడితో మొదలుపెట్టాలి. అందుకని రెండో ఆదివారం ముసలి బాఖ్‌ను పక్కన పెట్టి, పదేళ్ళ బాఖ్‌తో మొదలుపెట్టాను. ఇట్లా చెప్పాను.

ఆ ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు పుట్టారు. అందరికన్నా చిన్నవాడు సెబాస్టియన్. నాయన ఆ ఊరి వాయిద్యకారుడు. తాతలు, చిన్నాన్నలు, పెద్దనాన్నలు అందరూ వాయిద్యకారులే. మన దగ్గర డోలు కొట్టే ఇంట్లో పుట్టిన పిల్లవాడికి డోలు ఎట్లా వస్తుందో, వాడికి సంగీతం అట్లా వచ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు, 1694లో, అమ్మ చనిపోయింది. ఏడాది తిరగకుండానే 1695లో నాయన కూడా చనిపోయాడు. పదేళ్ళు నిండకముందే తల్లీ తండ్రీ లేనివాడయ్యాడు.

ఇది చెప్పినప్పుడు ఎవ్వరూ ఆవులించలేదు. మన హాస్టల్లో అట్లాంటి తమ్ముళ్ళు ఉన్నారని మీకు తెలుసు.

పెద్దన్న యోహాన్ క్రిస్టోఫ్ ఓర్‌డ్రుఫ్ అనే ఊళ్ళో చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. తమ్ముణ్ణి తన ఇంటికి తీసుకుపోయాడు. ఆర్గాన్ అంటే మామూలు పెట్టె కాదు. గోడంత ఎత్తు ఉంటుంది. చిన్నవీ పెద్దవీ వందల గొట్టాలు ఉంటాయి. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదినట్టు వెనక మనుషులు తిత్తులు తొక్కుతుంటే గాలి గొట్టాల్లోకి పోయి మోగుతుంది. వాయించేవాడు చేతులతోనే కాదు, కాళ్ళతో కూడా వాయించాలి. అన్నే తమ్ముడికి మీటలు వాయించడం నేర్పాడు.

అన్న దగ్గర ఒక పుస్తకం ఉండేది. ఆ రోజుల్లో పేరున్న సంగీతకారుల స్వరాలు అందులో రాసి ఉండేవి. తమ్ముడు ఇచ్చిన పాఠాలన్నీ తొందరగా నేర్చేసుకొని ఆ పుస్తకం అడిగాడు. అన్న ఇవ్వలేదు. బీరువాలో పెట్టాడు. ఆ బీరువాకు జాలీ తలుపు. రాత్రి అందరూ నిద్రపోయాక పిల్లవాడు జాలీ సందులోంచి చిన్న చెయ్యి పెట్టి, పుస్తకాన్ని లోపలే చుట్టగా చుట్టి బయటికి లాగేవాడు. కొవ్వొత్తి ఇచ్చేవాళ్ళు లేరు. అందుకని వెన్నెల ఉన్న రాత్రుల్లోనే కూర్చుని ఒక్కొక్క స్వరం చూసి రాసుకున్నాడు. మొత్తం రాయడానికి ఆరు నెలలు పట్టింది. తీరా అంతా అయ్యాక అన్నకు తెలిసిపోయింది. అన్న ఆ రాసుకున్న ప్రతిని లాక్కున్నాడు. బాఖ్ చనిపోయిన నాలుగేళ్ళకు, 1754లో, ఆయన కొడుకు, శిష్యుడు కలిసి అచ్చువేసిన ఆయన జీవిత విశేషాల్లో ఈ కథ రాశారు.

ఇక్కడిదాకా చెప్పి ఆపాను. మూడో తరగతి తమ్ముడు ఒకడు లేచి, వాడు పుస్తకం చించలేదు గదా, దొంగతనంగా అమ్ముకోలేదు గదా, రాసుకున్నాడు అంతే గదా, మరి అన్న ఎందుకు లాక్కున్నాడని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ వరసలో నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు కూర్చొని నా మొఖమే చూస్తున్నాడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. అంతకు ఇరవై రోజుల ముందు రాత్రి బెల్లు కొట్టాక నీళ్ళు తాగటానికి లేచాను. వరండాలో లైటు కింద ఆ పిల్లవాడు బోర్లా పడుకొని రాసుకుంటున్నాడు. పక్కన లైబ్రరీ పుస్తకం. పక్షుల బొమ్మలది. సాయంత్రం పుస్తకాలు లెక్కపెట్టేటప్పుడు నాకు తెలియకుండా చొక్కాలో పెట్టుకొని పోయాడు. పుస్తకం పోతే నా మీదికి వస్తుందని నాకు కోపం వచ్చింది. పుస్తకంతో పాటు వాడి నోటుపుస్తకం కూడా గుంజుకొని బీరువాలో పెట్టి తాళం వేశాను. అందులో ఏముందో కూడా చూడలేదు. వాడు ఏడవలేదు, ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి నాతో మాట్లాడటం మాత్రం మానేశాడు.

ఆ ఆదివారం గంట అయిపోయిందని చెప్పి పిల్లల్ని పంపించేశాను. తర్వాత బీరువా తీసి నోటుపుస్తకం చూశాను. పద్నాలుగు పక్షులు ఉన్నాయి. ఒక్కోదాని కింద పేరు. చివరి పక్షికి రెక్క సగమే ఉంది. నేను గుంజుకున్నది అక్కడే. ఇంకొకడిని అడిగితే తెలిసింది ఏమంటే, ఇంటికాడ వాడి చెల్లెలు ఉంది, దానికి ఇంకా బడి లేదు, సెలవులకు పోయినప్పుడు చూపించాలని రాస్తున్నాడట.

మిగిలిన కథ వాళ్ళకు చెప్పే ముందు నేనే మొత్తం చదవాలని అనుకున్నాను. ఆ అన్న తర్వాత ఏమయ్యాడో నాకు తెలియాలి. తెలుగు సారు ఇంకా కొన్ని విషయాలు వెతికి చెప్పారు. అవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

పదిహేనేళ్ళు నిండబోతుండగా, 1700లో, బాఖ్ ఒక తోటి విద్యార్థితో కలిసి ఉత్తరాన ఉన్న లూనెబుర్గ్ పట్టణానికి పోయాడు. 300 కిలోమీటర్ల పైన దూరం. అక్కడి సెయింట్ మైకేల్ బడిలో గొంతు బాగున్న పేద పిల్లలకు ఉచితంగా చదువు, తిండి, వసతి ఇచ్చేవారు. దానికి బదులు చర్చిలో పాడాలి. అంటే మనలాగే హాస్టల్ పిల్లవాడు అన్నమాట. కొద్ది రోజులకే గొంతు మారిపోయింది. అయినా వాయిద్యాలు వచ్చు గనుక నిలబడ్డాడు.

18 ఏళ్ళకు, 1703లో, ఆర్న్‌స్టాట్ అనే ఊళ్ళో ఆర్గాన్ వాయించే ఉద్యోగం వచ్చింది. మహనీయుడు అంటే చిన్నప్పటి నుంచీ శాంతమూర్తి అనుకోవద్దు. ఒక వాయిద్యకారుణ్ణి నోటికొచ్చినట్టు అంటే అతను రాత్రిపూట కర్రతో మీదికి వచ్చాడు, ఈయన కత్తి దూశాడు. పంచాయితీ అయ్యింది. 1705లో నాలుగు వారాలు సెలవు అడిగి ల్యూబెక్ నగరానికి బయలుదేరాడు. అక్కడ బుక్స్‌టెహూడె అనే ముసలి సంగీత గురువు ఉన్నాడు. ఆయన వాయిస్తుంటే వినాలని కోరిక. దూరం సుమారు 400 కిలోమీటర్లు. నడిచి పోయాడు. భద్రాచలం నుంచి హైదరాబాదు కంటే ఇంకా ఎక్కువ దూరం, అదీ చలికాలం ముందు. నాలుగు వారాలని చెప్పిపోయినవాడు నాలుగు నెలలకు తిరిగి వచ్చాడు. పెద్దలు పిలిచి గట్టిగా మందలించారు. సెలవులకు ఇంటికి పోయి లేటుగా వచ్చే మిత్రులు ఇది చూపించి తప్పించుకోవద్దని మనవి.

1708 నుంచి వైమార్ ప్రభువు దగ్గర పనిచేశాడు. 1717లో వేరే ప్రభువు దగ్గర మంచి ఉద్యోగం దొరికితే వదిలిపెట్టమని అడిగాడు. అడిగిన తీరు ప్రభువుకు నచ్చలేదు. సుమారు నాలుగు వారాలు జైల్లో పెట్టి, తర్వాత పంపించేశాడు. ఇది చెప్పగానే పిల్లలందరికీ మన భద్రాచలం రామదాసు, గోల్కొండ చెరసాల గుర్తుకొచ్చాయి. రామదాసు కథ వేరు, ఈయన కథ వేరు. కానీ పాటలవాళ్ళను కూడా ప్రభువులు జైల్లో పెట్టేవారని వాళ్ళకు బాగా అర్థమైంది.

కొత్త ఊరు కోతెన్. 1720లో ప్రభువుతో కలిసి దూర ప్రయాణం పోయి వచ్చేసరికి భార్య మరియా బార్బరా చనిపోయి ఉంది. పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. చివరి చూపు దక్కలేదు. తర్వాతి ఏడాది అన్నా మాగ్దలేనా అనే గాయనిని పెళ్ళాడాడు. ఇద్దరు భార్యలకు కలిపి ఇరవై మంది పిల్లలు పుడితే పెద్దవాళ్ళయ్యింది పది మందే. ఆ కాలంలో రోగాలు అట్లా ఉండేవి.

ఆ 1720వ సంవత్సరంలోనే ఆయన ఒక పని చేశాడు. నాకు ఈ కథ మొత్తంలో అదే అన్నిటికన్నా నచ్చింది. పెద్ద కొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమన్‌కు అప్పుడు తొమ్మిదేళ్ళు. వాడి కోసం తన చేత్తో ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టాడు. మొదట స్వరాల గుర్తులు, వాటి పేర్లు. తర్వాత ఏ మీట మీద ఏ వేలు పెట్టాలో అంకెలు వేసి చూపించాడు. ఆ తర్వాత చిన్న చిన్న స్వరరచనలు. కొన్ని తండ్రి రాశాడు, కొన్ని కొడుకు చేత రాయించాడు. చిన్నప్పుడు తను రాసుకున్న పుస్తకాన్ని లాక్కున్నారు గదా. ఆ చేయి పెద్దయ్యాక ఏ పుస్తకాన్నీ బీరువాలో దాచలేదు. తన కొడుక్కి తనే పుస్తకం రాసి ఇచ్చింది. ఆ పుస్తకంలోంచి వచ్చిన స్వరరచనలనే ఈ రోజుకీ పియానో నేర్చుకునే పిల్లలు వాయిస్తున్నారు.

రెండో భార్య కోసం కూడా 1722లో, 1725లో రెండు పుస్తకాలు మొదలుపెట్టాడు. రెండో దానిలో ఇంట్లో అందరి చేతిరాతలు ఉంటాయి. అందులోని ఒక చిన్న నాట్యస్వరం ప్రపంచమంతా బాఖ్ పేరుతో వాయిస్తారు. అది నిజానికి క్రిస్టియన్ పెట్జోల్డ్ అనే వేరే ఆయన రాసినదని తర్వాత పండితులు కనిపెట్టారు. నచ్చినదాన్ని ఇంటి పుస్తకంలో ఎక్కించుకున్నారు, అంతే. లెక్కల సారు దాన్ని ఫోనులో వినిపిస్తే చిన్నవాళ్ళు రెండోసారి పెట్టమన్నారు.

1723లో బాఖ్ లైప్‌జిగ్ నగరానికి పోయాడు. అక్కడ సెయింట్ థామస్ బడిలో సంగీత గురువు ఉద్యోగం. నగర పెద్దలు మొదట వేరే ఇద్దరిని అడిగి, వాళ్ళు రాలేకపోతే ఈయనకు ఇచ్చారు. అది కూడా హాస్టల్ బడి. యాభై మందికి పైగా పిల్లలు అక్కడే ఉండి చదువుకొనేవారు. బాఖ్ కుటుంబం అదే భవనంలో ఒక పక్క కాపురం ఉండేది. నాలుగు వారాలకు ఒక వారం హాస్టల్ డ్యూటీ ఆయనదే. పిల్లల్ని పొద్దున లేపడం, ప్రార్థన, భోజనాలు, రాత్రి పడకలు అన్నీ చూసుకోవాలి. హాస్టల్ పిల్లవాడే హాస్టల్ సారు అయ్యాడన్నమాట. ఇది చదివి మన వార్డెన్ సార్లు సంతోషిస్తారని అనుకుంటున్నాను.

ఆ బడి పిల్లలే ప్రతి ఆదివారం నగరం చర్చిల్లో పాడాలి. మొదటి ఏళ్ళలో దాదాపు ప్రతి వారం ఆయన కొత్త రచన రాసేవాడు. సుమారు 200 ఇప్పటికి మిగిలాయి. రాయగానే సరిపోదు. పాడేవాళ్ళకు, వాయించేవాళ్ళకు ఎవరి భాగం వాళ్ళకు విడిగా కాపీ రాయాలి. అప్పుడు జిరాక్సు లేదు. భార్య, కొడుకులు, హాస్టల్ పిల్లలు కూర్చొని రాసేవారు. మన గోడపత్రికకు నెలాఖరు రాత్రి మనం కూర్చున్నట్టే. అన్నా మాగ్దలేనా చేతిరాత భర్త చేతిరాతలాగే ఉండేది. కొన్ని కాగితాలను చాలాకాలం పండితులు బాఖ్ రాతే అనుకున్నారు. చెల్లో అనే వాయిద్యానికి ఆయన రాసిన ఆరు ప్రసిద్ధ రచనలకు ఆయన సొంత చేతిరాత ప్రతి దొరకలేదు. ఆమె రాసి పెట్టిన ప్రతి మనకు ముఖ్య ఆధారంగా మిగిలింది.

బడిలో కష్టాలు కూడా ఉన్నాయి. 1730లో ఆయన నగర పెద్దలకు ఒక పెద్ద అర్జీ పెట్టాడు. పిల్లల్లో పాడగలిగినవాళ్ళు 17 మంది, ఇంకా నేర్పాల్సినవాళ్ళు 20 మంది, అసలు పనికిరానివాళ్ళు 17 మంది అని లెక్క రాశాడు. ఆ చివరి 17 మంది ఏమనుకొని ఉంటారో అని నాకు అనిపించింది.

ముసలితనంలో కళ్ళు పోయాయి. 1750లో జాన్ టేలర్ అనే ఇంగ్లండు వైద్యుడు రెండుసార్లు కోత పెట్టాడు. చూపు రాలేదు, ఆరోగ్యం కూడా చెడింది. ఆ సంవత్సరం జూలై 28న బాఖ్ కన్నుమూశాడు. సమాధి మీద రాయి కూడా పెట్టలేదు. భార్య పదేళ్ళు పేదరికంలో బతికి 1760లో చనిపోయింది. ఆయన సంగీతం పాతబడిపోయిందని లోకం చాలావరకు పక్కన పెట్టింది.

మళ్ళీ ఎట్లా బయటికి వచ్చిందంటే, చేతిరాత కాపీల వల్ల, పుస్తకాల వల్ల. 1802లో ఫోర్కెల్ అనే ఆయన బాఖ్ జీవితం మీద మొదటి పూర్తి పుస్తకం రాశాడు. మెండెల్సన్ అనే పిల్లవాడికి వాళ్ళ అమ్మమ్మ బాఖ్ రాసిన ఒక పెద్ద రచన చేతిరాత ప్రతిని కానుకగా ఇచ్చింది. ఆ పిల్లవాడు ఇరవై ఏళ్ళకు, 1829లో, బెర్లిన్‌లో దాన్ని పాడించాడు. అక్కడినుంచి లోకం మళ్ళీ బాఖ్‌ను వినసాగింది. 1977లో అమెరికావాళ్ళు ఆకాశంలోకి పంపిన వాయేజర్ నౌకల్లో ఒక పాటల పళ్ళెం పెట్టారు. అందులో బాఖ్ రచనలు మూడు ఉన్నాయి. మన దేశపు కేసర్‌బాయి కేర్కర్ పాట కూడా ఉంది.

ఇక అన్న సంగతి. నేను వెతికింది అదే గదా. ఓర్‌డ్రుఫ్ అన్న దగ్గర రెండు పెద్ద చేతిరాత పుస్తకాలు ఉండేవి. అవి ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో అన్న తన చేత్తో ఎక్కువ భాగం రాసుకున్నాడు. ఎవరి స్వరాలు రాసుకున్నాడో తెలుసా? చాలామందివి ఉన్నాయి. వాటిలో తమ్ముడివి కూడా ఉన్నాయి! తమ్ముడి కాపీని లాక్కున్న అన్నే, తర్వాత తమ్ముడి రచనల్ని కూర్చొని కాపీ రాసుకున్నాడు. బాఖ్ చిన్న వయసు రచనలు కొన్ని మనకు మిగలడానికి ఆ పుస్తకాలే కారణం. తమ్ముడు కూడా మనసులో పెట్టుకోలేదు. అన్న పేరు మీద ఒక రచన చేశాడు. అన్న కొడుకును తన దగ్గర ఉంచుకొని సంగీతం నేర్పాడు.

వెన్నెల్లో రాసిన ప్రతి దొరకలేదు. కానీ 2006లో వైమార్‌లోని ఒక పాత గ్రంథాలయంలో, బాఖ్ 13 నుంచి 15 ఏళ్ళ మధ్య తన చేత్తో కాపీ రాసుకున్న కాగితాలు బయటపడ్డాయి. ఒకటి ఆ బుక్స్‌టెహూడె రచన. తర్వాత ఎవరిని వినడానికి 400 కిలోమీటర్లు నడిచాడో ఆయనదే! మనకు దొరికిన బాఖ్ చేతిరాతల్లో అన్నిటికన్నా పాతవి అవే.

మూడో ఆదివారం ఇదంతా చెప్పాను. అన్న ఎందుకు లాక్కున్నాడని అడిగిన తమ్ముడికి జవాబు కూడా చెప్పాను. ఆ అన్న మనసులో ఏముందో మనకు తెలియదు. నా సంగతి చెప్పగలను. పుస్తకం పాడవుతుందని, నా పేరు పోతుందని భయపడ్డాను. పిల్లవాడు ఏం చేస్తున్నాడో చూడలేదు. ఇది చెప్పి, అందరి ముందు ఆ నాలుగో తరగతి తమ్ముడికి నోటుపుస్తకం తిరిగి ఇచ్చాను. పక్షుల పుస్తకం కూడా ఇచ్చాను. వాడు ఏమీ అనలేదు. అక్కడే కూర్చొని సగం రెక్కను పూర్తి చేశాడు. మరుసటి రోజు పెన్సిలు చెక్కిపెట్టమని నా దగ్గరికి వచ్చాడు. నాకు అది చాలు.

మిత్రులారా, మహనీయుల జీవితాలు చిన్నవాళ్ళకు చెప్పేటప్పుడు తేదీలు, బిరుదులు తర్వాత చెప్పండి. వాళ్ళంత వయసులో ఆ మనిషికి ఏం కావాల్సి వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అనేది ముందు చెప్పండి. వాళ్ళే మిగతాది అడుగుతారు.

వార్డెన్ సార్లకు నాదొక మనవి. స్టడీ అవర్ అయ్యాక కూడా పుస్తకాల బీరువా ఒక గంట తెరిచి ఉంచడానికి, కాపీ రాసుకునే పిల్లలకు వరండా లైటు తొమ్మిదిన్నర దాకా ఉంచడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుచున్నాను. పుస్తకాల లెక్క పూచీ నాది. ఒక్క పుస్తకం తగ్గినా నన్ను అడగండి.

ఇట్లు,
పదవ తరగతి విద్యార్థి, లైబ్రరీ లీడర్